లేడిబెదురు

వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె లాండ్రీ అక్క. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా గుమ్మం ముందు నిలబడి "అక్కా, నా ప్యాంటు అయిందా?" అనేవాళ్లు. మొదట్లో నవ్వొచ్చేది. తరువాత ఆమెకే తన అసలు పేరు ఎవరైనా పిలిస్తే పలకడానికి ఒక క్షణం పట్టేది.

షాపు రెండు గదులు. ముందు గదిలో చెక్క కౌంటరు, ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా ఇనప కడ్డీకి వేలాడే బట్టలు. ప్రతిదానికీ గుండీ కాజాలోంచి దారంతో కట్టిన నంబరు పీలిక. వెనక గదిలో రెండు వాషింగ్ మెషీన్లు, నానబెట్టడానికి సిమెంటు తొట్టి, ఏ కాలంలోనూ ఆరని గోడలు. ముప్పై నాలుగేళ్లుగా పొద్దున్నంతా వెనక గదిలో, మధ్యాహ్నమంతా ముందు గదిలో ఆమె బతుకు సాగింది. ఇళ్లకు బట్టలు చేరవేసే పని భర్తది. ఆయన మాట్లాడితే అరిగిపోతానన్నట్టు ఉండే మనిషి. మోపెడ్ హారన్ ఆయనకన్నా ఎక్కువ మాట్లాడుతుందని వీధిలో చెప్పుకునేవాళ్లు.

నంబరు పీలిక ఊడిపోయినా అక్క కంగారు పడేది కాదు. చొక్కా మెడపట్టీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఎవరిదో చెప్పేసేది. మూల మీది మెకానిక్‌ది డీజిలు, కాంపౌండరుది స్పిరిటు, స్కూలు మాస్టారిది సుద్దముక్కల పొడి. వీటన్నిటి కిందా మనిషి మనిషికీ ఒక సొంత వాసన ఉంటుంది, దాన్ని పట్టుకోవడం తెలియాలి అనేది. అలాగని ఆ వాసనలంటే ఆమెకు ఇష్టమనుకుంటే పొరపాటు. వాటిని వదలగొట్టడమే ఆమె పట్టుదల. ఒకసారి ఉతికి ఆరేసిన బట్టను మళ్లీ వాసన చూసి, ఏ మూలనైనా మనిషి జాడ తగిలితే ఇంకోసారి తొట్టిలో పడేసేది. ఆమె చేతిలోంచి వచ్చిన చొక్కా అప్పుడే పుట్టినట్టుండేది. ఆ మాట చెప్పే, రెండు వీధులు దాటి మరీ జనం ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, ఆరేళ్లు చిన్న. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపి, నడుం నొప్పి పట్టుకున్నాక ఉద్యోగం మానేశాడు. మానేసినవాడు ఇంటిపట్టున ఉన్నాడా అంటే లేదు. ఊరికి గంట దూరంలో, అడవి అంచున ఎకరన్నర నేల కొన్నాడు. దాని మధ్య రెండు గదుల రేకుల ఇల్లు వేసుకుని చిక్కుడు పందిళ్లు కట్టాడు. "ఇన్నేళ్లూ రోడ్డు చూసిన కళ్లు, ఇప్పుడు మట్టి చూస్తాయట" అని అతని భార్య వదినగారి దగ్గర వాపోయింది. వాపోతూనే పలుగూ పారా పట్టింది. మొగుడికన్నా ఆమెకే పని బాగా వచ్చింది.

తీగలు పందిరి ఎక్కుతున్నాయనగా జింకలు దిగాయి. తెల్లవారుజామున అడవిలోంచి వచ్చి, లేత కొసలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు కొరికేసి వెళ్లిపోయేవి. తమ్ముడు డబ్బాలు కట్టాడు, రంగు కాగితాలు వేలాడదీశాడు. రెండు రోజులు బెదిరి మూడో రోజుకు అలవాటు పడ్డాయి. చివరికి దిష్టిబొమ్మ పెడతానని, పాత బట్టలుంటే ఇమ్మని అక్క దగ్గరికి వచ్చాడు.

షాపులో పై అరలో, ఇచ్చినవాళ్లు తిరిగి తీసుకోని బట్టలు కొన్ని ఉండేవి. అందులోంచి తెల్ల చొక్కా, బూడిదరంగు ప్యాంటు తీసింది. పొలంలో నిలబెట్టే బొమ్మకే కదా అని ఊరుకోలేకపోయింది. మళ్లీ ఉతికి, గంజి పెట్టి, మడత తేలేలా ఇస్త్రీ చేసి కాగితంలో చుట్టి ఇచ్చింది. తమ్ముడు నవ్వుకుంటూ పట్టుకెళ్లాడు.

మూడు రోజుల తరువాత మరదలు ఫోను చేసింది. "వదినా, మీరు చేసిన ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. జింకలు మాత్రం దాని కాళ్ల దగ్గర పడుకుని లేచి వెళ్లాయి. గడ్డి నలిగి ఉంది. పెళ్లికొడుకులా ఉంటే చుట్టాలనుకున్నాయేమో."

వెనకాల తమ్ముడు ఫోను లాక్కున్న చప్పుడు వినిపించింది. అతనికి ఒళ్లు మండిపోతోంది. అంత నిలువెత్తు మనిషిని నిలబెడితే కన్నెత్తి కూడా చూడవా అని కోప్పడుతున్నాడు, తప్పంతా చొక్కాదే అయినట్టు.

అక్క అప్పుడు దుప్పటి మడత పెడుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆలోచించకుండానే అనేసింది. "అది దిష్టిబొమ్మరా. అది పిట్టలకి. నీకు కావలసింది లేడిబెదురు."

"ఏం బెదురు?"

ఆమె దుప్పటి వదిలేసింది. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వేసింది. నలభై ఎనిమిదేళ్లుగా ఆ మాట అన్నది లేదు, విన్నదీ లేదు. వీధిలో ఎవరిని అడిగినా తెలియదు. తమ్ముడికి తెలిసే అవకాశమే లేదు, అప్పటికి వాడికి నాలుగేళ్లు. తరువాత చెబుతానని ఫోను పెట్టేసి, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుండిపోయింది.

అది వాళ్లమ్మ మాట.

వాళ్ల నాన్న బొగ్గుబట్టీలో పనిచేసేవాడు. అడవి పక్కన మట్టి కప్పిన బట్టీలు, పగలనక రాత్రనక పొగ. ఆయన ఇంటికి వచ్చేసరికి కళ్లు, పళ్లు తప్ప మిగతా అంతా నలుపే. పొగ, చెమట, కాలిన కర్ర కలిసిన వాసన ఆయనకన్నా ముందు గుమ్మంలోకి వచ్చేది. ఒక్క గది ఇల్లు. ఆ వాసన అన్నంలోకీ పుస్తకాల్లోకీ పిల్లల తలల్లోకీ దిగింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరికీ తెలిసేది కాదు. బడికి వెళ్లాకే అక్కకు తెలిసింది. బల్ల మీద ఆమె పక్కన కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు కొంచెం కొంచెంగా అటు జరిగి, ఒకనాటికి వేరే బల్లకే వెళ్లిపోయారు. టీచరమ్మ ఏమీ అనలేదు గానీ, క్లాసులోకి రాగానే ముందు ఆ వైపు కిటికీ తెరిచేది. తల కొట్టేసినట్టయ్యేది ఆ పిల్లకు.

పదేళ్ల వయసులో ఒక సెలవు రోజున, నాన్న చొక్కాలన్నీ బోరింగు పంపు దగ్గరికి ఈడ్చుకెళ్లి అరిచేతులు పుండ్లయ్యేలా ఉతికింది. ఇంటి వెనక అమ్మ వేసుకున్న కూరపాదుల మధ్య కర్రకు తొడిగిన చొక్కా ఒకటుంది. దాన్నీ వదల్లేదు. ఉతికి, ఆరేసి, మళ్లీ కర్రకే తొడిగింది. తెల్లారేసరికి పాదులన్నీ మోడులు.

అమ్మ పెరట్లో నిలబడి చాలాసేపు చూసింది. "దాన్నెందుకు ముట్టుకున్నావే? అది లేడిబెదురు" అంది. కొట్టలేదు. కూర్చోబెట్టి చెప్పింది. పిట్టకు కంటి భయం, లేడికి ముక్కు భయం. దానికి మనిషి ఆకారం కనిపిస్తే చాలదు, మనిషి వాసన రావాలి. మీ నాన్న మూడు రోజులు వేసుకున్న చొక్కా కట్టాననుకో, ఆ పక్కకి రాదు. నాన్న ఆ సాయంత్రం వచ్చి, మోడులు చూసి, కూతురి చేతులు చూసి, పోనీలే వాటికీ ఆకలి ఉంటుందిగా అన్నాడు. చొక్కాల సంగతి ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంటికి వచ్చే ముందే బట్టీ దగ్గరి తొట్టిలో స్నానం చేసి రావడం మొదలుపెట్టాడు.

స్టూలు మీద కూర్చున్న అక్కకు ఇదంతా వరసగా గుర్తుకు రాలేదు. ముందు అమ్మ గొంతు వచ్చింది, తరువాత కిటికీ, అన్నిటికన్నా చివర నాన్న. భర్త మోపెడ్ ఆపి లోపలికి వచ్చి ఆమె మొహం చూశాడు. ఏమైందని అడగకుండా ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేశాడు. అది అప్పటికి పావుగంటగా కాలుతూనే ఉంది.

మర్నాడు మెకానిక్ బట్టలు తెచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, చేతి గోళ్ల నుంచి మెడ దాకా గ్రీజు. అక్క ఒక చొక్కా తీసి పక్కన పెట్టి, నీళ్లు నమిలింది. ముప్పై నాలుగేళ్లలో ఎవరినీ అడగని సంగతి అడగాలి మరి.

"ఇది నేను ఉతకను. నాకు ఇలాగే కావాలి. పది రోజులాగి ఇస్తా."

మెకానిక్ చొక్కా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె లేడిబెదురు సంగతి చెప్పాక కడుపుబ్బ నవ్వాడు. "మా ఆవిడ ఎప్పట్నుంచో చెబుతోందక్కా, నా చొక్కాకి మనుషులే పారిపోతారని. జింకలెంత" అని, లోపల వేసుకున్న బనియను కూడా విప్పి ఇవ్వబోతే ఆమే వద్దంది.

ఆ చొక్కా పొలంలో నాలుగు రోజులు నిలబడింది. ఆ నాలుగు రోజులూ ఒక్క కొస తెగలేదు. ఐదో రోజుకు ఎండకూ మంచుకూ వాసన పలచబడింది. పందిరి చివర రెండు తీగలు పోయాయి. అంటే నాలుగు రోజులకొకసారి మార్చాలి. తమ్ముడు తన చొక్కా కట్టి చూశాడు గానీ, అది పనిచేయలేదు. రోజంతా తోటలో తిరిగే మనిషి వాసనకు జింకలు ఎప్పుడో అలవాటు పడ్డాయని మరదలు తేల్చింది. "ఇంట్లో నేనూ అంతే" అని కూడా అంది.

అలా ఆ కాలమంతా లాండ్రీలో ఒక వింత పద్ధతి నడిచింది. బట్టలిచ్చేవాళ్లలో కొందరిని అక్క ఎంచుకునేది. తాపీమేస్త్రీ చొక్కా బాగా నిలబడింది. బరువులు మోసే ఆయనది ఇంకా నయం. రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరైన గుమస్తాగారికి సంగతి తెలిసి, తన చొక్కా కూడా తీసుకోమని పట్టుబట్టారు. ఆయనకు ఒంటికి పౌడరు, జేబులో యాలక్కాయలు అలవాటు. మొహమాటపడి తీసుకెళ్లి కట్టారు. తెల్లారి చూస్తే జేబు కొరికి ఉంది. అక్క ఆ జేబు దారం కనిపించకుండా కుట్టి, చొక్కా తిరిగి ఇస్తూ బాగా పనిచేసిందని చెప్పింది. గుమస్తాగారు కుట్టు వేలితో తడిమి చూసుకుని, "అబద్ధం చెప్పినా నీటుగా చెప్పావమ్మా" అన్నారు. ఆయనకు కోపం రాలేదు. పై వారం ఆయనే వచ్చి, ఎవరి చొక్కా నిలబడిందని ఆరా తీశారు. మాట వీధిలో పాకింది. ఉతకవలసినవి ఒక మూట, ఉతకకూడనివి ఒక మూట. రెండోదాన్ని అందరూ లేడిబెదురు మూట అనడం మొదలుపెట్టారు. ఎవరికీ తెలియని మాట రెండు నెలల్లో వీధి మాటైపోయింది.

ఒక శనివారం సాయంత్రం అక్క చొక్కాలు తీసుకుని తనే పొలానికి వెళ్లింది. అప్పటిదాకా జింకను దగ్గరగా చూడలేదు, చూడాలనిపించింది. మర్నాడు వెలుగు రాకముందే లేచి, పందిళ్ల చివర గట్టు మీద చిన్న పీట వేసుకుని కూర్చుంది. మంచు. బొమ్మ అవతలి చివర, అడవి వైపు ఉంది, మేస్త్రీ చొక్కాతో. కాళ్లు తిమ్మిరెక్కాయి. లేచి పోదామా అనుకుంటుండగా, పొదల్లోంచి ఒక ఆడజింక తల బయటపెట్టింది.

అది అవతలి వైపు చూసి, ముక్కు ఎగరేసి ఆగింది. బొమ్మ ఉన్న దిక్కు వదిలేసి, గట్టు వెంట నడుచుకుంటూ సరాసరి అక్క వైపే వచ్చింది. పది అడుగులు. ఆరడుగులు. దాని ముక్కు తడిగా మెరవడం, పక్కటెముకలు లేచి పడడం కనిపిస్తున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టింది. జింక ఆమెను చూసింది, చూసి, తల వంచి గట్టు మీది గడ్డి రెండు పరకలు కొరికింది. అక్కడ మనిషి ఉన్నట్టే లెక్కచేయలేదు. తరువాత ఇంట్లో తలుపు చప్పుడైతే, ఒక్క గెంతులో పొదల్లోకి మాయమైపోయింది.

 ఆమె మనసు ఒక్కసారి తేలికైంది, వెంటనే బరువెక్కింది. తమ్ముడు కాఫీ గ్లాసు తెచ్చి పక్కన కూర్చుంటే జరిగింది చెప్పింది. చెబుతూ, "సబ్బునీళ్లలో నాని నాని నాకు మనిషి వాసనే పోయినట్టుందిరా. నన్ను చూసి భయపడలేదు" అంది. 

తమ్ముడు వేలు తడి చేసుకుని గాల్లోకి ఎత్తాడు. "గాలి అడవి వైపు నుంచి వస్తోందక్కా. నువ్వు గాలికి కింద కూర్చున్నావు. నీ వాసన దానికెలా అందుతుంది? నాన్న చెప్పాడు నాకు ఈ సంగతి."

"నాన్న నీకెప్పుడు చెప్పాడు?"

అతను గ్లాసు కింద పెట్టాడు.  "నీకు బడిలో లెక్కల్లో బహుమతి ఇచ్చారే, ఆ రోజు."

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. పద్నాలుగేళ్లు. బడి ఆవరణలో కుర్చీలు వేశారు, అందరి అమ్మానాన్నలూ వచ్చారు. అమ్మ వచ్చింది. నాన్న పని ఉందని రాలేదు. రాలేదని తెలియగానే తనకు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుని ఆమె ఈ నలభై నాలుగేళ్లలో ఎన్నిసార్లు కుంచించుకుపోయిందో ఎవరికీ తెలియదు. భర్తకు కూడా చెప్పలేదు.

"నాన్న వచ్చాడక్కా" అన్నాడు తమ్ముడు. "నన్ను భుజం మీద ఎక్కించుకుని వచ్చాడు. ముందు గేటు వైపు వెళ్లాం. వెళ్లి, ఇలాగే వేలు తడి చేసి చూశాడు. గాలి మన మీదుగా లోపలికి వెళ్తోంది, అటు పోదాం పద అని చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ నిలబడితే మన వాసన ఎవరికీ రాదన్నాడు. నేను గోడ మీంచి చూసి చెబుతున్నాను, ఆయన వింటున్నాడు. నీ పేరు పిలవగానే ఆయనా కాళ్ల వేళ్ల మీద లేచి చూశాడు. చప్పట్లు కొట్టాడు గానీ చప్పుడు రానివ్వలేదు."

అక్క అతని వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదురా ఇన్నాళ్లూ?"

"నీకు చెప్పొద్దన్నాడు. ఎనిమిదేళ్లవాణ్ణి, చెప్పొద్దంటే చెప్పలేదు. తరువాత పెద్దయ్యాను, ఆయన పోయాడు. నువ్వు ఆయన మాట ఎత్తేదానివి కాదు. నేనెత్తితే బాధపడతావనుకున్నాను."

ఆమె ఏడవలేదు. తమ్ముడు ఏమనుకున్నాడో గానీ, ఆమె మాత్రం చిన్నపిల్లలా ఒక్కో సంగతీ అడగడం మొదలుపెట్టింది. ఎంతసేపున్నారు? ఏ చొక్కా వేసుకున్నాడు? తిరిగొచ్చేటప్పుడు ఏమన్నాడు? గీతల చొక్కా అని తమ్ముడు చెప్పాడు. దారిలో ఎవరు కనిపించినా, తెలిసినవాళ్లైనా తెలియనివాళ్లైనా, మా అమ్మాయికి లెక్కలొచ్చు అని చెప్పుకుంటూ నడిచాడట. మరదలు వచ్చి ఇంకా ఎంతసేపని కేకేసేదాకా ఇద్దరూ గట్టు మీదే ఉన్నారు. అప్పటికి ఎండ వచ్చింది, కాఫీ చల్లారిపోయింది.

ఆ ఏడు చిక్కుడు కాపు మరీ గొప్పగా రాలేదు, మరీ తీసికట్టుగానూ లేదు. చివరి రెండు వరసలు జింకలకు వదిలేద్దామని మరదలే అంది. అన్నీ కాపాడబోయి కాస్తయినా నిద్రపోకుండా ఉండడంకన్నా అదే నయమని. కోసిన మొదటి కాయలు సంచుల్లో కట్టి చొక్కాలిచ్చిన వాళ్లందరికీ పంపారు. గుమస్తాగారి సంచి కొంచెం పెద్దదిగా కట్టమని అక్క చెప్పింది. పై ఏడు చుట్టుపక్కల తోటలవాళ్లంతా కలిసి ఇనప కంచె వేసుకున్నారు. బొమ్మ అవసరం తీరిపోయింది. కర్రలు పందిరి గుంజలకు పనికొచ్చాయి.

కానీ అక్క ఆదివారాలు షాపు మూసి పొలానికి వెళ్లడం మానలేదు. భర్త మోపెడ్ మీద దింపి, తనూ ఉండిపోయేవాడు. అక్కాతమ్ముళ్లు ఏ పని చేస్తున్నా నాన్న మాట వచ్చేది. అతని దగ్గర ఉన్న సంగతులు ఆమె దగ్గర లేవు, ఆమె దగ్గర ఉన్నవి అతని దగ్గర లేవు. ఆమెకు బట్టీ నుంచి వచ్చే మనిషి తెలుసు. చిన్నప్పుడు నాన్నకు మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్లిన అతనికి బట్టీలో ఉన్న మనిషి తెలుసు. కొన్నిసార్లు పొంతన కుదిరేది కాదు, ఇద్దరూ వాదించుకునేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రేకుల ఇంటి నీడలో నలుగురూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. మామగారిని ఎన్నడూ చూడని మరదలు, ఆయన పాటలేమైనా పాడేవాడా అని అడిగింది.

"ఎక్కడ? నోరు విప్పితేగా" అంది అక్క.

"భలేదానివే. బట్టీ కప్పేటప్పుడు పాడకుండా పారే ఎత్తేవాడు కాదు" అన్నాడు తమ్ముడు.

అక్క చేతిలో కాయ అలాగే పట్టుకుని, ఏదీ పాడమంది. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మాటలు సగమే గుర్తున్నాయి, రాగం దారి తప్పి ఎటో పోతోంది. రెండు వరసలయ్యాక మరదలు ఇక చాలంది. అక్క మాత్రం ఊరుకోమని మరదలికి చెయ్యి చూపించి, మొదటి నుంచి మళ్లీ పాడమని తమ్ముణ్ణి అడిగింది.